కన్నూ పన్నూ

“ఈసారి జంటల పోటీలో మీరెవరితో ఆడుతున్నారు డాక్టరుగారూ?” అని క్లబ్బు సెక్రటరీ అడిగేసరికి కంటి డాక్టరు వంగి బూటు లేసు కట్టుకుంటోంది. ప్రశ్న అర్థంకాక, అలాగే వంగి ఉండి తల మాత్రం పైకెత్తింది.

“ఎవరితో ఏమిటండీ? మా వదినగారితోనే.”

సెక్రటరీ పెన్ను మూత తీశాడు, మళ్ళీ పెట్టాడు. “అంటే... ఆవిడ మొన్ననే వచ్చి మన క్లబ్బులో ఆ పొడుగావిడతో ఆడతానని చెప్పి వెళ్ళారు. మీకు తెలుసనుకున్నాను.”

“ఆ, ఆ, తెలుసు. మర్చిపోయాను,” అంది కంటి డాక్టరు. ఆమెకి తెలియదన్న సంగతి ఆ గదిలో టీ తాగుతున్నవాళ్ళందరికీ తెలిసిపోయింది. ఒకాయన కప్పులోకి చూస్తూ కూర్చున్నాడు. ఇంకొకావిడ అవసరం లేకపోయినా హ్యాండుబ్యాగు వెతుక్కుంది. కంటి డాక్టరు బాగానే కట్టిన లేసుని విప్పి మళ్ళీ కట్టింది.

వదినగారంటే ఆమె కూతురి అత్తగారు. పళ్ళ డాక్టరు. పిల్లల పెళ్ళయిన కొత్తలో వియ్యపురాళ్ళిద్దరూ ఎదురెదురుగా కూర్చుని “ఇంకేమిటి విశేషాలు?” “మీరే చెప్పాలి” అనుకుంటూ గోడ గడియారం చూసుకుంటుంటే, “ఇలా లాభంలేదు, లేవండి వదినగారూ, పోయి బంతి కొడదాం” అని చెయ్యి పట్టుకుని గోల్ఫ్ మైదానానికి లాక్కొచ్చింది ఆవిడే. కర్ర పట్టుకోవడం నేర్పిందీ ఆవిడే. అప్పటినుంచీ క్లబ్బులో వాళ్ళిద్దరికీ ‘కన్నూ పన్నూ’ అని పేరు పడిపోయింది. ఏటా జరిగే జంటల పోటీలో ఇద్దరికీ కలిపి ఒకటే బంతి. ఒకరు కొట్టాక అది ఎక్కడ పడితే అక్కడినుంచి రెండోవాళ్ళు కొట్టాలి. పళ్ళ డాక్టరు కొట్టిన బంతి గీత గీసినట్టు తిన్నగా వెళ్ళి పచ్చిక నడుమ కూర్చునేది. కంటి డాక్టరు కొట్టింది కుడిపక్కకి తిరిగి పొదల్లోకో ఇసుకలోకో పోయేది. పోయినేడు ఏకంగా కంచె దాటి పక్కనున్న స్కూలు ఆటస్థలంలో పడింది. అప్పుడు కూడా పళ్ళ డాక్టరు పల్లెత్తు మాట అనలేదు. “పిల్లలు ఆడుకుంటార్లెండి” అని నవ్వేసింది.

బయట కార్ల దగ్గర పళ్ళ డాక్టరు డిక్కీలో కర్రల సంచీ సర్దుతోంది. కంటి డాక్టరుని చూడగానే చేతులు ఆగిపోయాయి.

“వదినగారూ, మీకే ఫోన్ చేద్దామనుకుంటున్నాను,” అంది. “పొడుగావిడ మరీ మరీ అడిగింది. ఎలా కాదనను చెప్పండి? ఈ ఒక్కసారికే.”

కంటి డాక్టరు ఆ గొంతు గుర్తుపట్టింది. సూది గుచ్చేముందు ‘కొంచెం చురుక్కుమంటుందంతే’ అని పళ్ళ డాక్టరు రోగులతో అనే గొంతు అది. ఆ కుర్చీలో ఆమె కూడా ఓసారి కూర్చుంది.

“దానికేముందండీ! ఆవిడ బాగా ఆడుతుంది. ఈసారి కప్పు మీదే.”

“మీరు ఏమీ అనుకోలేదుగా?”

“అనుకోవడానికేముంది?”

పళ్ళ డాక్టరు ఇంకేదో చెప్పబోయి, డిక్కీ మూసేసింది. కంటి డాక్టరు కారు తాళాలు చేతిలో పట్టుకునే తాళాల కోసం సంచీ అంతా వెతికింది.

ఇంటికొచ్చి హాల్లో చీపురుకర్ర తిరగేసి పట్టుకుని ఊపడం మొదలుపెట్టింది. సోఫాలో పేపరు చదువుకుంటున్న భర్త, కర్ర వచ్చినప్పుడల్లా కాళ్ళు పైకెత్తి, వెళ్ళాక దించుకున్నాడు.

“ఏమైందోయ్?” అన్నాడు కాసేపయ్యాక.

“ఏమీ కాలేదు.”

“ఏమీ కాకపోతే ఆ బల్లమీది ఫ్లవర్‌వాజు తీసి లోపల పెట్టనా?”

“పెట్టండి,” అంది. ఆయన లేచి దాన్ని లోపల పెట్టొచ్చి, పనిలో పనిగా టీవీని కూడా గోడవైపు జరిపాడు.

మర్నాడు సాయంత్రం క్లినిక్ నుంచి తిన్నగా ప్రాక్టీసు మైదానానికి వెళ్ళింది. రబ్బరు చాపల వరసలో అందరికంటే చివరిది ఎంచుకుని, బుట్టెడు బంతులు పక్కన పెట్టుకుని కొట్టడం మొదలుపెట్టింది. బంతి బయల్దేరడం బుద్ధిగానే బయల్దేరుతుంది. సగం దూరం పోయాక ఏదో పని గుర్తొచ్చినట్టు కుడికి తిరిగిపోతుంది. ఆమె కాళ్ళు సర్దుకుంది. పళ్ళు బిగించింది. ఇంకా గట్టిగా కొట్టింది. గట్టిగా కొట్టేకొద్దీ ఇంకా ఎక్కువ తిరిగింది.

“అన్నీ కుడికే పోతున్నాయి అత్తయ్యా.”

వెనక్కి చూస్తే అల్లుడు. రెండు చేతుల్లో రెండు కాగితం కప్పులు, టీ. లిఫ్టులు బాగుచేసే కంపెనీలో ఇంజనీరు అతను. చొక్కా మోచేతుల దగ్గర ఇంకా గ్రీజు మరక ఉంది.

“కనిపిస్తూనే ఉంది బాబూ. కంటి డాక్టర్ని కదా,” అంది.

అతను నవ్వాలో వద్దో తేల్చుకోలేక ఒక కప్పు అందించాడు. క్లబ్బులో జరిగింది తన భార్య ద్వారా అతనికి చేరిందని ఆ టీ కప్పు చూస్తేనే తెలుస్తోంది. మామూలుగా అతను ఈ మైదానం వైపు రాడు. చిన్నప్పుడు తల్లి వెనకాల తిరిగి చాలా బాగా ఆడేవాడట. ఉద్యోగంలో చేరాక మానేశాడు.

“ఇంకో రెండు కొట్టండి, చూస్తాను.”

కొట్టింది. రెండూ కుడికే.

“అన్నీ ఒకే పక్కకి పోతున్నాయంటే మంచిదే కదా,” అన్నాడు.

“వెక్కిరిస్తున్నారా?”

“అయ్యో లేదు అత్తయ్యా! ఎటు పోతుందో తెలియని బంతితోనే బాధ. మీది ఎటు పోతుందో తెలుసు. దాన్ని తిన్నగా పో, తిన్నగా పో అని బతిమాలడం ఎందుకు? ముందే ఎడమవైపుకి పంపించండి. అదే తిరిగి జెండా దగ్గరికి వస్తుంది. ఇంతమంది పెద్ద పెద్ద ఆటగాళ్ళు కావాలని కొట్టేది అదే. దాన్ని ఫేడ్ అంటారు.”

“నేను కావాలని కొట్టడంలేదే.”

“రేపటినుంచి కావాలని కొడతారు. అదొక్కటే తేడా.”

అతను చొక్కా చేతులు మడిచి, నారింజరంగు పుల్ల ఒకటి తెచ్చి వాళ్ళ చాపకి కాస్త ముందు పచ్చికలో గుచ్చాడు. దాని వెనక దూరంగా కనిపించే తెల్లజెండాని చూపించాడు. బంతి పుల్లకి ఎడంపక్కనుంచి బయల్దేరాలి, జెండా దగ్గర దిగాలి. “కాళ్ళూ భుజాలూ ఎడమకి చూడాలి. కర్ర మొహం మాత్రం జెండా వైపు చూడాలి. కర్ర వచ్చే దారి ఒకటి, కర్ర చూసే వైపు ఇంకొకటి. ఆ రెంటికీ తేడా ఎంతుంటే బంతి అంత తిరుగుతుంది.”

“అంటే మనిషి ఒకవైపు తిరిగి ఉంటాడు, కన్ను ఇంకోవైపు చూస్తుంది. మెల్లకన్నన్నమాట.”

“అంతే!” అన్నాడు అల్లుడు సంబరంగా.

“నేను మెల్లకన్ను సరిచేసే దాన్ని బాబూ. తెప్పించమంటున్నారు మీరు.”

మొదటి బంతి పుల్లకే తగిలి టంగుమంది. తర్వాతది ఎడమకి పోయి, రావడం మర్చిపోయి అటే పోయింది. ఆ తర్వాతది పుల్ల పక్కనుంచి లేచి, గాలిలో ఓ క్షణం ఆలోచించుకున్నట్టు ఆగి, మెల్లిగా కుడికి ఒరిగి జెండాకి దగ్గర్లో పడింది. కంటి డాక్టరు ఎవరైనా చూశారా అన్నట్టు అటూ ఇటూ చూసింది. అల్లుడు చూశాడు. అతను ఇంకో బంతి దొర్లించాడు.

బుట్ట సగమయ్యాక రెండోది మొదలుపెట్టించాడు: పుల్లకి కుడిపక్కనుంచి బయల్దేరి ఎడమకి తిరిగి రావాలి. దాని పేరు డ్రా.

“ఒకటి వచ్చింది కదా, చాలదా?”

“పోటీకి అదొక్కటే చాలు. కానీ రెండోవైపు కూడా తిప్పి చూస్తేనే మొదటిది ఎందుకు వస్తోందో చేతికి తెలుస్తుంది. రాకపోయినా ఫర్వాలేదు, ప్రయత్నించండి.”

అది రాలేదు. మణికట్లు తిరగాల్సిన చోట బిగుసుకుపోతున్నాయి. పట్టు మార్చాలని అల్లుడు దూరంనుంచే గాలిలో చేతులు తిప్పి చూపించాడు. ఆమెకి అర్థంకాలేదు. కుడిచెయ్యి కొంచెం కిందికి అన్నాడు. కొంచెమంటే ఎంతో ఆమెకి తెలియలేదు. అతను దగ్గరికొచ్చి చెయ్యి చాపి, అత్తగారి చెయ్యి ఎలా పట్టుకోవడమా అని మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు.

“పట్టుకుని చూపించండి బాబూ,” అంది ఆమె. “పొద్దున్నుంచి సాయంత్రం దాకా పరాయివాళ్ళ కనురెప్పలు పట్టుకునే మనిషిని నేను. ఈ మొహమాటాలు మాకు లేవు.”

అతను చెవులు ఎర్రబడగా, రెండు వేళ్ళతో ఆమె కుడి బొటనవేలు కాస్త జరిపి, వేడి గిన్నె తాకినట్టు వదిలేశాడు.

చీకటి పడుతుండగా బంతులు ఏరే బండి మైదానంలో తిరగడం మొదలుపెట్టింది. కర్రలు తుడిచి సంచీలో పెడుతూ ఆమె అడిగింది.

“మీ అమ్మ ఎందుకిలా చేసిందంటారు?”

“అడగలేదు అత్తయ్యా.”

“అడగచ్చు కదా.”

“అడిగితే ‘ఏదీ నోరు తెరు’ అంటుంది. చిన్నప్పటినుంచీ అంతే. ఏ ప్రశ్న వేసినా చివరికి నా పళ్ళే చూస్తుంది.” అతను కర్ర మొహానికి అంటిన మట్టిని గోటితో గీకాడు. “మీకు అభ్యంతరం లేకపోతే... నేను ఆడతాను మీతో.”

“మీ అమ్మకి ఎదురుగానా?”

“అమ్మకి ఎదురుగా కాదు. మీ పక్కన,” అన్నాడు.

ఈ మాట వినగానే కూతురు ఇస్త్రీపెట్టె నిలబెట్టి, తలపట్టుకుంది. స్కూలు టీచరు ఆమె. తలపట్టుకోవడం కూడా వెనక బెంచీవాళ్ళకి కనిపించేలా పట్టుకుంటుంది.

“బాగుందమ్మా! మీ వియ్యపురాళ్ళిద్దరూ కలిసి మా ఆయన్ని బంతి చేసి ఆడుకుంటున్నారు. నువ్వు ఓడిపోతే నీ మొహం నేను చూడాలి. గెలిస్తే అత్తయ్య మొహం నేను చూడాలి.”

“మొహాలు చూడ్డానికేముందే? ఆటే కదా.”

“ఆటే అయితే నిన్నటినుంచీ ఆవిడకి ఎందుకు ఫోన్ చెయ్యలేదు? రోజూ పొద్దున్నే గంటసేపు మాట్లాడుకుంటారు కదా. మేం తిట్టుకుంటే కూడా మీరిద్దరే ముందు కూడబలుక్కుని, మామీద పడతారు కదా.”

కంటి డాక్టరు ఇస్త్రీ చేసిన చొక్కాని మళ్ళీ మడతపెట్టింది. “ఆవిడా చెయ్యలేదు,” అంది.

మర్నాడు క్లినిక్‌లో ఒక పెద్దాయన కంట్లో మందు వెయ్యనివ్వడంలేదు. సీసా దగ్గరికి రాగానే కన్ను గట్టిగా మూసేస్తున్నాడు. నర్సు గట్టిగా పట్టుకుంటే ఇంకా గట్టిగా మూశాడు. కంటి డాక్టరు నర్సుని పక్కకి జరగమని, రెప్పమీద బొటనవేలు ఉందో లేదో తెలియనంత తేలిగ్గా ఆనించి, “మీ మనవడు ఏం చదువుతున్నాడు?” అని అడిగింది. పెద్దాయన చెప్పడం మొదలుపెట్టాడు. వేలికింద రెప్ప దానంతటదే వదులైంది. చుక్క పడింది.

వేలు తీశాక కూడా ఆమె చేతిని అలాగే గాలిలో పెట్టుకుని ఓ క్షణం చూసింది. “ఏమైంది డాక్టరుగారూ?” అంది నర్సు. “ఏమీ లేదు, తర్వాతివాళ్ళని రమ్మను,” అంది.

ఆ సాయంత్రం కర్రని అంత తేలిగ్గా పట్టుకుంది. వదిలేస్తే జారిపోతుందేమో అన్నంత. ఫేడ్‌లు వరసపెట్టి వచ్చాయి. ఎత్తుగా కొట్టమంటే ఎత్తుగా, నేలబారుగా కొట్టమంటే నేలబారుగా. అన్నీ ఎడమనుంచి బయల్దేరి కుడికి ఒరిగి దిగాయి. కొన్ని జెండాకి దూరంగా పడ్డాయి, కానీ అటూ ఇటూ కాకుండా ఒక పక్కనే పడ్డాయి. అల్లుడు ప్రతిదానికీ తల ఊపుతూ నిలబడ్డాడు. డ్రా మాత్రం బుట్ట మొత్తానికి ఒక్కసారి వచ్చింది. వచ్చినప్పుడు ఇద్దరూ ఒకేసారి “అదీ!” అన్నారు. ఎలా వచ్చిందో ఇద్దరికీ తెలియలేదు. ఎన్నిసార్లు ప్రయత్నించినా మళ్ళీ రాలేదు.

“దాన్ని వదిలేయండి అత్తయ్యా. పోటీలో దాని జోలికి వెళ్ళద్దు.”

“వెళ్ళను,” అంది. కానీ ఆ ఒక్క బంతి తిరిగిన తిరుగుడు కళ్ళముందే ఉంది. ఇంటికెళ్ళేదాకా స్టీరింగు మీద మణికట్టు తిప్పుకుంటూనే ఉంది.

ఆదివారం పొద్దున సెక్రటరీ ఒక టోపీలోంచి చీటీలు తీశాడు. తీసిన చీటీ చూసుకుని, ఇంకోటి తీస్తే బాగుండునన్నట్టు మొహం పెట్టి, చదివాడు. కంటి డాక్టరూ అల్లుడూ ఒక జంట, పళ్ళ డాక్టరూ పొడుగావిడా వాళ్ళకి ఎదురు జంట. అందరికంటే చివర బయల్దేరాలి. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వు ఆపుకున్నారు.

“ఒరేయ్, టోపీ పెట్టుకో, ఎండ,” అంది పళ్ళ డాక్టరు కొడుకుతో. తర్వాత వియ్యపురాలి వైపు తిరిగి, “బాగున్నారా వదినగారూ?” అంది.

“మీ దయ,” అంది కంటి డాక్టరు. అన్నాక తనకే అది ముల్లులా వినిపించింది.

పొడుగావిడ నిజంగానే బాగా ఆడుతుంది. అడుగులు పెద్దవి, మాటలు చిన్నవి. బంతి దగ్గరికి వెళ్ళి, ఒక్కసారి చూసి, కొట్టేస్తుంది. ఆట ఒక్కో గుంతకి ఒక్కో పందెం. తక్కువ దెబ్బల్లో బంతిని గుంతలో వేసిన జంటది ఆ గుంత. మొదటిది పొడుగావిడవాళ్ళకి వెళ్ళింది. రెండోది సమం. మూడోదాని దగ్గర కంటి డాక్టరు ఎడమనున్న చెట్ల వైపు తిరిగి నిలబడింది. “అటెక్కడికండీ?” అంది పొడుగావిడ. బంతి చెట్ల మీదికి పోతున్నట్టే పోయి, కుడికి ఒరిగి, పచ్చిక మధ్యలో దిగింది. పొడుగావిడ కళ్ళజోడు సర్దుకుంది. అల్లుడు అక్కడినుంచి జెండా పక్కకి కొట్టాడు. ఆ గుంత వాళ్ళది.

పళ్ళ డాక్టరు ఆ బంతినే చూస్తూ నిలబడింది. మొహంలో ఏముందో కంటి డాక్టరుకి తెలియలేదు. ‘చూశారా’ అని మనసులోనే అనుకుంది. రెండు రోజులుగా ఎదురుచూసింది ఈ క్షణం కోసమే. కానీ ఎదురుచూసినంత రుచిగా లేదు.

ఎందుకంటే అప్పటికే పళ్ళ డాక్టరు ఆట ఏదోలా ఉంది. గీత గీసినట్టు పోయే బంతి ఒకసారి ఎడమకి జారింది. తర్వాతి గుంతలో కుడికి జారింది. ఆవిడ ప్రతిసారీ కర్ర చివర చూసుకుంది, అక్కడేదో అంటుకున్నట్టు. పొడుగావిడ ఎంత బాగా కొట్టినా, తర్వాతి దెబ్బతో బంతి పొదలోనే ఉంటోంది. మొదట “ఫర్వాలేదు” అంది పొడుగావిడ. తర్వాత అది కూడా అనడం మానేసింది. మిగతావాళ్ళతో ఆడినప్పుడల్లా ఆ మౌనం కంటి డాక్టరుకి బాగా పరిచయమైనదే. తను ఎన్నిసార్లు బంతిని పొదలపాలు చేసినా వదినగారి దగ్గర ఎదురుకానిది కూడా అదే.

చివరి గుంత దగ్గరికి వచ్చేసరికి రెండు జంటలూ సమానం. దారి అక్కడ ఎడమకి వంపు తిరుగుతుంది. వంపులో దట్టంగా చెట్లు. రెండు జంటల బంతులూ ఆ చెట్ల ముందే ఆగాయి. జెండా చెట్ల అవతల. పళ్ళ డాక్టరు వంతు ముందు వచ్చింది. రెండు మానుల మధ్య సన్నటి సందు ఉంది. తిన్నగా కొట్టేవాళ్ళకి అది చాలు. ఆవిడ చాలాసేపు నిలబడింది. కొట్టింది. బంతి మానుకి ఠాప్‌మని తగిలి, వెనక్కి దొర్లి, దాదాపు ఆవిడ కాళ్ళ దగ్గరికే వచ్చింది.

“తిన్నగా కొడతారనే కదండీ మీతో కలిశాను,” అంది పొడుగావిడ. “ఇలాగని ముందే చెప్పాల్సింది.”

పళ్ళ డాక్టరు వంగి, పచ్చికలో కర్ర తగిలి తను చేసిన గాయం మీద మట్టి నొక్కింది. ఇంకా నొక్కుతూనే ఉంది.

“ఏమండోయ్,” అంది కంటి డాక్టరు. “నేను ఏళ్ళ తరబడి ఆవిడ బంతిని పొదల్లోకీ, ఇసుకలోకీ, ఆఖరికి పక్క స్కూల్లోకి కూడా పంపించాను. ఒక్కనాడు ఇలాంటి మాట అనలేదావిడ. మీరు ఒక్కరోజు ఓర్చుకోలేరా?”

పొడుగావిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. అల్లుడు ఆకాశం వైపు చూశాడు. పళ్ళ డాక్టరు మాత్రం వంగినది వంగినట్టే ఉండిపోయింది.

ఇక కంటి డాక్టరు వంతు. అల్లుడు దగ్గరికొచ్చి మెల్లిగా అన్నాడు. “అత్తయ్యా, మీరిప్పుడు ఏమీ చెయ్యక్కర్లేదు. బంతిని పక్కకి తట్టి బయటికి తెచ్చెయ్యండి. మిగతాది నేను చూసుకుంటాను. మనదే.”

ఆమె జెండా ఉండాల్సిన వైపు చూసింది. చెట్లకి కుడిపక్కన ఖాళీ ఉంది. అటునుంచి బయల్దేరి ఎడమకి తిరిగితే... “డ్రా కొడతాను,” అంది.

“అత్తయ్యా!”

“కొడతాను బాబూ.” ఎందుకో ఆమెకీ తెలియదు. పక్కకి తట్టి గెలిచి, ఆ వంగిన వీపుని దాటుకుంటూ వెళ్ళడం ఆమెవల్ల కాలేదు. రెండుసార్లు ఉత్తిగా కర్ర ఊపి చూసుకుంది. కోపానికి భుజాలు బిగుసుకున్నాయి. మూడోసారి నిజంగా కొట్టబోతూ కర్ర ఎత్తింది.

“ఆగండి వదినగారూ! ఎడమభుజం తొందరపడుతోంది మీకు. దాన్ని ఆగనీండి, చేతుల్ని ముందు వెళ్ళనీండి.”

కర్ర గాలిలోనే ఆగిపోయింది. అందరూ పళ్ళ డాక్టరు వైపు తిరిగారు. ఆవిడ లేచి నిలబడి ఉంది. మోకాళ్ళకి మట్టి.

“డాక్టరుగారూ!” అంది పొడుగావిడ నమ్మలేనట్టు. “ఎదుటి జంటకి సలహా చెప్పారు మీరు. ఈ గుంత పోయినట్టే. ఆటే పోయినట్టు. రూలు తెలియదా మీకు?”

“తెలుసండీ. పోనీండి,” అంది పళ్ళ డాక్టరు. “అందరి నోళ్ళూ పట్టుకుంటాను. నా నోరు పట్టుకోలేకపోయాను.”

పొడుగావిడ ఒక్కొక్కళ్ళ మొహమే చూసింది. తన కర్రల సంచీ భుజాన వేసుకుని, పెద్ద పెద్ద అడుగులతో క్లబ్బు వైపు వెళ్ళిపోయింది. ఎంతో దూరం వెళ్ళాక కూడా కనబడుతూనే ఉంది.

“అయిపోయింది అత్తయ్యా. గెలిచాం,” అన్నాడు అల్లుడు. ఆ మాట చెప్పాల్సినంత గొంతుతో చెప్పలేదు. చప్పట్లు కొట్టాలంటే ఎటు తిరిగి కొట్టాలో అతనికి తెలియలేదు.

“ఇంకా కొట్టలేదు కదా,” అంది కంటి డాక్టరు.

మళ్ళీ నిలబడింది. ఇప్పుడు లెక్కలోకి రాదు. వెనకాల ఎవరూ రావడంలేదు. ఎడమభుజాన్ని ఆపింది. వేళ్ళు వదులయ్యాయి. కర్ర దిగింది. బంతి తగిలినట్టు చేతికి తెలియనే లేదు. అది చెట్లకి కుడిగా ఖాళీలోకి లేచి, పైకి, ఇంకా పైకి వెళ్ళి, అక్కడ మెల్లిగా ఎడమకి వంగడం మొదలుపెట్టింది. వంగుతూ వంగుతూ చెట్ల వెనక్కి వెళ్ళిపోయింది. ఎక్కడ పడిందో కనిపించలేదు. అల్లుడు పరుగెత్తాడు. కాసేపటికి చెట్ల అవతలనుంచి “అత్తయ్యా!” అని సంబరంగా ఒక కేక, ఆ వెంటనే “అమ్మా!” అని ఇంకో కేక వినిపించాయి.

వియ్యపురాళ్ళిద్దరూ అటు వెళ్ళలేదు.

“ఎండాకాలం నుంచీ ఇంతే వదినగారూ,” అంది పళ్ళ డాక్టరు. “తిన్నగా పోవడంలేదు. భుజమో, నడుమో, వయసో. ఒకసారి ఎడమ, ఒకసారి కుడి. పొద్దున్నే ఎవరూ రాకముందు వచ్చి కొట్టుకుని చూశాను. ఏం చేసినా ఇంతే.”

“నాకెందుకు చెప్పలేదు?”

“మీకు కర్ర పట్టుకోవడం నేర్పింది నేను. మీ ముందు ఎలా కొట్టను ఇలాంటి బంతి?” ఆవిడ మట్టిచేతుల్ని ఒకదాంతో ఒకటి దులుపుకుంది. “పొడుగావిడ ముందైతే సిగ్గనిపించలేదు. ఆవిడేమనుకుంటే నాకేం?”

కంటి డాక్టరుకి అన్ని రోజులూ మనసులో రాసుకున్న మాటలు చాలా ఉన్నాయి. ఒక్కటీ ఇక్కడికి పనికిరాలేదు.

“నన్ను వద్దనుకున్నారనుకున్నాను,” అంది చివరికి.

“పిచ్చిదానా,” అంది పళ్ళ డాక్టరు. వియ్యపురాలిని ఏనాడూ అలా పిలవలేదు. నాలుక కరుచుకుంది. ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వులో ఒకావిడ కళ్ళు తుడుచుకోబోయింది. రెండో ఆవిడ కంటి డాక్టరు కాబట్టి, మట్టిచేత్తో తుడుచుకోవద్దని చెయ్యి పట్టుకుని ఆపింది.

“ఇప్పుడు కొట్టారే, అది నాకు చెప్పండి,” అంది పళ్ళ డాక్టరు. “కుడికి పంపి ఎడమకి తిప్పడం. జన్మలో కొట్టలేదు నేను.”

“మీ అబ్బాయిని అడగచ్చు కదా. నాకు చెప్పింది ఆయనే.”

“వాడినా! వాడి పాలపళ్ళు పీకిన దాన్ని. వాడి దగ్గర నేర్చుకోవడమా? మీరు చెప్పండి.”

“నాకూ ఇది రెండోసారే వచ్చింది వదినగారూ. ముందు ఇంకోటి చెప్తాను, ఎడమనుంచి కుడికి. అది నాకు చేతనవును. మీ బంతి రెండు పక్కలకీ పోతోందంటున్నారు కదా. ఒక పక్కనే ఉంచుదాం. తిన్నగా అన్న మాటే మర్చిపోండి.”

పళ్ళ డాక్టరు సంచీలోంచి ఒక బంతి తీసి పచ్చికమీద వేసింది. చెట్లకి కుడిపక్కనున్న ఖాళీ వైపు తిన్నగా నిలబడింది, అలవాటుకొద్దీ. కంటి డాక్టరు ఆవిడ రెండు భుజాలూ పట్టుకుని, బీరువా జరిపినట్టు ఎడమకి జరిపింది.

“చెట్లవైపు చూస్తున్నానండీ నేను,” అంది పళ్ళ డాక్టరు భయంగా.

“కర్ర అటు చూడదు. మీరు చూడండి, ఫర్వాలేదు.”

ఆవిడ కొట్టింది. బంతి తిన్నగా చెట్లలోకి పోయింది. ఆకులు రాలాయి. ఎక్కడినుంచో ఒక పిట్ట తిట్టుకుంటూ లేచిపోయింది.

“కొంచెం చురుక్కుమంటుందంతే,” అంది కంటి డాక్టరు.

పళ్ళ డాక్టరు గుర్రుగా చూసింది. అవతలనుంచి కొడుకు చెట్లు దాటి వచ్చి, తల్లి భుజాలు పట్టుకుని నిలబడిన అత్తగారిని చూసి, వచ్చిన దారినే చప్పుడు కాకుండా వెనక్కి వెళ్ళిపోయాడు.

పళ్ళ డాక్టరు సంచీలో చెయ్యి పెట్టి ఇంకో బంతి తీసింది. ఈసారి అడగకుండానే ఎడమకి తిరిగి నిలబడింది.

“ఇంతేనా? ఇంకా తిరగాలా?”

“ఇంకొంచెం,” అంది కంటి డాక్టరు.